భీమిలి రోడ్డు మీద ఇద్దరు



మొన్న క్రిస్మస్‌కు మా చెల్లెలి కూతురూ, అల్లుడూ లండన్ నుంచి వచ్చి మా ఇంట్లో రెండు రోజులున్నారు. పెళ్ళయి మూడేళ్ళు. ఇద్దరివీ ఉద్యోగాలే. కిందటి వేసవిలో ఇద్దరూ ఇటలీ వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, నేపుల్స్‌కు దక్షిణాన ఉన్న అమాల్ఫీ తీరం వెంబడి రవెల్లో అనే కొండమీది ఊరికి వెళ్ళారట. పిల్ల సెల్‌ఫోనులో ఆ ఫోటోలన్నీ చూపించింది. ఒక పక్క నిటారుగా కొండ, ఒక పక్క సముద్రం, మధ్యన సన్నటి రోడ్డు. 19వ శతాబ్దంలో నేపుల్స్‌ను ఏలిన బూర్బన్ రాజుల కాలంలో కొండ అంచున వేసిన దారి అది. కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి నిమ్మతోటలు పెంచారు. ఆ తీరాన్ని 1997లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. రవెల్లో సముద్రానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. కింద అమాల్ఫీ ఊళ్ళో అపొస్తలుడైన అంద్రెయ పేర పెద్ద దేవాలయం ఉంది.

“పెద్దమ్మా, మీరూ పెదనాన్నగారూ ఎప్పుడైనా ఇలా కారులో వెళ్ళారా?” అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగా మావారు పేపరు దించి, “మాకు భీమిలి ఉంది కదమ్మా!” అన్నారు.

అందరం నవ్వాం. అయితే నలభై ఏళ్ళుగా విశాఖపట్నంలో కాపురం ఉంటున్నా, భీమిలికి పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ వెళ్ళి వచ్చామే గాని, ఇద్దరం కలిసి ఆ ఊరు చూసి వద్దామని బయలుదేరింది ఒక్కసారీ లేదు. ఆ రాత్రి వంటిల్లు సర్దుతూ నేనే అన్నాను, “ఏవండీ, పండుగ అయ్యాక ఒక శనివారం నిజంగానే వెళ్దామా?” అని. ఆయన కాసేపు ఊరుకుని, “డాక్టరు గారిని అడగాలి” అన్నారు.

ఆ మాట వెనక సంగతి చెప్పాలి. కిందటి ఆగస్టులో మావారికి గుండెనొప్పి వచ్చి స్టెంట్ వేశారు. దేవుని దయవల్ల కోలుకున్నారు. నడక ఉంది, మందులు ఉన్నాయి, ఉప్పు తగ్గించాం. తగ్గనిదల్లా ఇంట్లో నిశ్శబ్దం. ఆయన ఉద్యోగమంతా షిఫ్టుల్లోనే గడిచింది. ఆయన వచ్చేసరికి నేను పడుకునేదాన్ని, నేను లేచేసరికి ఆయన పడుకునేవారు. అప్పట్లో మాట్లాడుకోవడానికి వీలులేదు. ఇప్పుడు పొద్దస్తమానం ఎదురెదురుగా కూర్చుంటాం, మాట్లాడుకోవడానికి మాటలు లేవు. “మాత్ర వేసుకున్నారా?” “వేసుకున్నాను.” అంతే. ఈ పేజీకి ఉత్తరాలు రాసే అక్కచెల్లెళ్ళలో ఎంతమంది ఇదే సంగతి రాస్తారో నాకు తెలుసు గనుక, మా ఇంటి మాట ఇక్కడ చెప్పడానికి సిగ్గుపడటం లేదు.

పైగా ఇంకొకటి మా ఇద్దరి మధ్యా నలుగుతోంది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి, ఇల్లు అమ్మేసి తన దగ్గరకు వచ్చేయమంటున్నాడు. వాడి ప్రేమ కొద్దీ వాడంటున్నాడు. ఫోనులో వాడు అడిగినప్పుడల్లా ఆయన “చూద్దాంలే, మీ అమ్మనడగాలి” అంటారు, నేను “మీ నాన్నగారి ఇష్టం” అంటాను. ఫోను పెట్టేశాక ఎవరం ఆ మాట ఎత్తం.

డాక్టరు గారు వెళ్ళమన్నారు. ఎండ పడకముందే బయలుదేరాలి, కొండలెక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగాలి, మందుల సంచి వెంట ఉండాలి అన్నారు. జనవరి ఆఖరు శనివారం, ఉదయం ఆరు గంటలకు పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం, రెండు సీసాల మంచినీళ్ళు సర్దుకుని మా పాత మారుతీ కారులో బయలుదేరాం. ఫోన్లు రెండూ సంచిలో పెట్టేశాను. విశాఖ నుంచి భీమిలికి సముద్రం పక్కనే పాతిక ముప్పై కిలోమీటర్ల దారి. ఆగకుండా వెళితే గంట పట్టదు. మాకు రోజంతా పట్టింది.

రామకృష్ణా బీచి దగ్గర ఇసుక మీద నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి, ఆ తరువాత కైలాసగిరి, ఋషికొండ, ఇవన్నీ మీరు చూసినవే. అక్కడ మేము ఆగలేదు. మావారు మెల్లగా నడుపుతున్నారు. కారులో ఇద్దరూ ముందుకే చూస్తూ కూర్చుంటారు గదా, అందులో ఒక సుఖముంది. ఎదుటి మనిషి ముఖం చూస్తూ అనలేని మాట రోడ్డును చూస్తూ అనొచ్చు. ఎమ్మాయుకు నడిచి వెళ్ళిన ఇద్దరి సంగతి మీకు తెలుసు. వారిలో క్లెయొపా పేరే లూకా రాశాడు, రెండవవారి పేరు రాయలేదు. వాళ్ళు భార్యాభర్తలై ఉంటారని కొందరు బోధకులు అంటారు. నాకూ ఆ మాట నచ్చుతుంది. దుఃఖంలో ఉన్న ఇద్దరు ఇంట్లో కూర్చోకుండా దారి పట్టారు, దారిలో మాట్లాడుకున్నారు.

మా మొదటి మజిలీ తొట్లకొండ. భీమిలి రోడ్డు నుంచి ఎడమ చేతికి తిరిగితే కొండమీదికి కారు వెళ్ళే దారి ఉంది. రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం అది. నౌకాదళం వారు 1970లలో ఈ తీరాన సర్వే చేస్తుండగా బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ వారు తవ్వించారు. స్తూపం పునాదులు, సన్యాసులు ఉండే గదులు, అందరూ కలిసి కూర్చునే మండపం ఆనవాళ్ళు, భోజనశాల కనిపిస్తాయి. ఇక్కడ దొరికిన వాటిలో శాతవాహనుల నాణేలతో పాటు రోమా నాణేలూ ఉన్నాయి. అంటే మా పిల్లలు విమానమెక్కి చూసొచ్చిన దేశపు వెండి, రెండు వేల ఏళ్ళ కిందటే ఓడ వర్తకం పుణ్యాన మన భీమిలి రోడ్డు దాకా వచ్చిందన్నమాట! ఈ సంగతి చెబితే మావారు గట్టిగా నవ్వారు. ఆగస్టు తరువాత ఆయన అలా నవ్వడం నేను అదే వినడం.

కొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. వాన నీరు పట్టి ఏడాది పొడుగునా వాడుకునేవారు. ఆ తొట్ల అంచున నిలబడి మావారు వాళ్ళమ్మగారి గురించి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ ఊళ్ళో వేసవిలో ఊటబావి దగ్గర రాత్రి రెండు గంటలకు లేచి వరుసలో నిలబడేదట. తెచ్చిన నీళ్ళలో మొదటి చెంబు పక్కింటి ముసలామెకు పోసి, మిగిలినవే ఇంట్లోకి తెచ్చేదట. మా అత్తగారితో నేను పదకొండేళ్ళు కలిసి ఉన్నాను, ఈ మాట ఆమె చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. అరగంట అక్కడే ఉండిపోయాం. కింద సముద్రం నీలంగా మెరుస్తోంది.

తరువాత ఎర్రమట్టి దిబ్బలు. సినిమాల్లో చూసి ఉంటారు. వేల ఏళ్ళ కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి మోసుకొచ్చిన ఇసుక, అందులోని ఇనుము తుప్పు పట్టినట్టై ఎర్రబడి గట్టిపడితే, వాన నీరు దాన్ని కోసి ఈ లోయలు చేసింది. ఇలాంటివి తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయంటారు. 2025లో మన తిరుమల కొండలతో పాటు ఇవీ యునెస్కో వారి తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. జాబితా సంగతి ఎలా ఉన్నా, లారీలతో మట్టి తరలించుకుపోయే మన అలవాటు ఆగితేనే అవి మన మనవలకు మిగులుతాయి. అక్కడ మేము ఎక్కువసేపు లేము, ఎండెక్కింది.

పదిన్నరకు భీమిలి చేరాం. ఇప్పటి పిల్లలు భీమిలి అంటే బీచి అనుకుంటారు. ఒకప్పుడు అది ఓడరేవు. 17వ శతాబ్దంలో డచ్చి వారు వచ్చి ఇక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. 1824లో లండన్‌లో జరిగిన ఒప్పందం ప్రకారం ఆ మరుసటి ఏడాది ఇంగ్లీషు వారికి అప్పజెప్పి వెళ్ళిపోయారు. 1861 నాటికే ఈ ఊరికి మునిసిపాలిటీ వచ్చింది. 2013లో దాన్ని మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. మనం గోంగూర అని తినే మొక్కకు దగ్గర చుట్టమైన గోగు మొక్క నార ఈ రేవు నుంచి ఎంతగా ఎగుమతి అయ్యేదంటే, లోకంలోని వర్తకులు దానికి బిమ్లిపటం జూట్ అనే పేరు పెట్టారు. మధ్యాహ్నం పచ్చడి వడ్డిస్తూ ఈ సంగతి చెప్పాలని నేను దాచి ఉంచుకున్నాను.

ఊళ్ళో 19వ శతాబ్దంలో కట్టిన సెయింట్ పీటర్స్ చర్చి ఉంది. కాసేపు లోపల కూర్చున్నాం. అమాల్ఫీలో అంద్రెయ పేర గుడి, భీమిలిలో ఆయన సహోదరుడు పేతురు పేర గుడి. అన్నదమ్ములిద్దరూ వలలు వేసిన వారే. రెండు ఊళ్ళూ బెస్తవారి ఊళ్ళే. ఎవరూ అనుకుని పెట్టిన పేర్లు కావు గాని, నాకు ఎంతో సంతోషం కలిగింది.

అక్కడి నుంచి డచ్చి వారి సమాధుల తోటకు వెళ్ళాం. ఇటుకతో కట్టిన ఎత్తయిన గోపురాల్లాంటి సమాధులు, కొన్ని కోసుగా, కొన్ని గుండ్రంగా ఉన్నాయి. మూడు వందల ఏళ్ళ ఉప్పుగాలికి కొన్ని పలకల మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఉన్నవి మనకు తెలియని భాషలో ఉన్నాయి. ఆ మనుషులు నెలల తరబడి ఓడలో వచ్చి, ఈ ఎండలకూ జ్వరాలకూ తట్టుకోలేక ఇక్కడే పడుకున్నారు. వారి వెనక ఎవరు ఏడ్చారో, ఆ కబురు వారి ఇళ్ళకు ఎన్నాళ్ళకు చేరిందో.

మావారు ఒక సమాధి నీడన కూర్చున్నారు. నేను మంచినీళ్ళ సీసా ఇచ్చాను. తాగి, మూత పెట్టి, సముద్రం వైపు చూస్తూ అన్నారు, “బెంగుళూరు వెళ్ళిపోతే మనల్ని ఎక్కడ పెడతారోయ్?”

అయిదు నెలలుగా ఇంట్లో ఎవరం అనని మాట. నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట దాటవేసి ఇంకేదో అనబోయాను గాని, ఆయన ముఖం చూసి ఆగాను. ఆయన చెప్పుకుంటూ పోయారు. అమ్మా నాన్నా ఉన్న చోట ఉండాలని ఉందట. ఆసుపత్రిలో పడుకున్నప్పుడు భయం వేసింది చావంటే కాదట, ఇల్లు ఆయన పేరున ఉంది, కాగితాలు ఎక్కడున్నాయో నాకు తెలియదు, తాను పోతే నేను ఎవరి చేతి కింద బతుకుతానో అని భయం వేసిందట. “అబ్బాయి దగ్గరుంటే నీకు దిగులుండదు. మనవరాలి మీద నీ ప్రాణం. అందుకే ఇల్లు అమ్మేద్దామని ఒకాయనకు మాట కూడా ఇచ్చాను. ఈ నెలాఖరుకు చెబుతానన్నాను” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. నేను బెంగుళూరు వెళ్ళాలని ఎన్నడూ కోరలేదు. పెద్ద ఆసుపత్రి దగ్గర ఉండాలని ఆయనే కోరుకుంటున్నారేమోనని, నా ఇష్టం అడ్డు పెట్టకూడదని, మనసును సిద్ధం చేసుకుంటూ వచ్చాను. ఆయన నా కోసం వెళ్ళాలనుకుంటున్నారు, నేను ఆయన కోసం. వద్దనుకున్న ఊరికి ఇద్దరం ఒకరి కోసం ఒకరం సామాను సర్దుకుంటున్నాము! ఆ సంగతి చెబితే ఆయన నమ్మలేదు. రెండుసార్లు అడిగారు, “నిజం చెప్పు, నా కోసం అంటున్నావా?” అని. పేరు తెలియని డచ్చి వారి మధ్య కూర్చుని నేను ఏడ్చాను, ఆయన తన తువ్వాలు ఇచ్చారు.

ఆ నీడలోనే చాలా సంగతులు తేలాయి. ఇంటి దస్తావేజు ఏ బీరువాలో ఏ కవరులో ఉందో చెప్పారు. బ్యాంకు డిపాజిట్లకు నామినీగా నా పేరుంది గనుక అంతా నాదే అవుతుందని నేను అనుకునేదాన్ని. అది నిజం కాదట. నామినీ అంటే వారసుల తరఫున డబ్బు అందుకునే మనిషే. మన క్రైస్తవ కుటుంబాల్లో ఈ చట్టం తెలిసినవారు తక్కువ గనుక రాస్తున్నాను. భర్త వీలునామా రాయకుండా కన్నుమూస్తే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, పిల్లలున్న క్రైస్తవ భార్యకు ఆస్తిలో మూడో వంతు వస్తుంది, మిగిలిన రెండు వంతులు పిల్లలకు పోతాయి. పిల్లలు మంచివారైతే చిక్కు లేదు. అయినా ఒక కాగితం మీద, ఇద్దరు సాక్షుల ముందు, ఇంటి పెద్ద తన కోరిక రాసి పెడితే ఆ మంచితనానికి పరీక్ష రాదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయిస్తే మేలు. అలాగే సమాధుల తోటలో మీ కుటుంబానికి చోటుందా, ఉన్న సమాధిని మళ్ళీ తెరవడానికి ఎన్నేళ్ళు ఆగాలి, అన్నవి మీ సంఘ పెద్దల నడిగి తెలుసుకోండి. పట్టణాల్లో స్థలం కరువైంది. ఏడుపుల మధ్య పరుగెత్తి అడగవలసిన మాటలు కావివి.

అన్నం సముద్రం ఒడ్డున సరుగుడు చెట్ల కింద తిన్నాం. బిమ్లిపటం జూట్ కథ చెప్పి పచ్చడి వడ్డించాను. ఉప్పు తక్కువైందన్నారు. తక్కువే వేశానన్నాను.

ఎండ తగ్గాక పావురాళ్ళ కొండ ఎక్కాలని మావారు పట్టుబట్టారు. భీమిలి వెనక, ఊరికి కాపలా ఉన్నట్టు నిలిచిన కొండ అది. అక్కడా పూర్వం బౌద్ధులు ఉండేవారు, రాతి తొట్లూ ఉన్నాయి. కొండమీద నరసింహస్వామి ఆలయం ఉండటాన నరసింహ కొండ అని కూడా అంటారు. ఇరవై అడుగులు వేసి ఆగడం, మళ్ళీ ఇరవై వేయడం. గుళ్ళోకి వెళ్ళే ఆడవాళ్ళు కొందరు మమ్మల్ని దాటిపోతూ, “తాతగారూ, కూర్చుని వెళ్ళండి” అని చోటు చూపించారు. పైదాకా వెళ్ళలేదు. సగంలో ఒక బండ మీద కూర్చున్నాం. అక్కడి నుంచే ఊరంతా కనిపించింది. ఎర్ర పెంకుల కప్పులు, దీపస్తంభం, ఇసుక మీదికి లాగిన పడవలు, అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల పక్కగా పారి వచ్చిన గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. జనవరి గనుక నది సన్నబడింది. ఇసుక మేటల మధ్య దారి వెతుక్కుంటూ కలుస్తోంది.

“రవెల్లో ఇంతకంటే ఎత్తా?” అని అడిగారు. ఎత్తేనన్నాను. “పోనీలే, మన మోకాళ్ళకు ఇది చాలు” అన్నారు.

ఆ బండ మీదే ఇద్దరం ఒక మాటకు వచ్చాం. ఇల్లు అమ్మడం లేదు. వేసవిలో రెండు నెలలు అబ్బాయి దగ్గర, తక్కిన కాలం ఇక్కడ. ముందుగా మాట ఇచ్చిన ఆయనకు మావారే వెళ్ళి ముఖాముఖి చెబుతారు, ఫోనులో చెప్పరు. అబ్బాయికి నేను చెబుతాను. వాడు నొచ్చుకున్నాడు, అది కూడా రాయాలి. “మీకు రాత్రిపూట ఏదైనా అయితే ఎవరున్నారమ్మా?” అన్నాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. పక్కింటి వారికి ఒక తాళం చెవి ఇచ్చాం. ఆసుపత్రి నెంబరు గోడకు అంటించాం. అంతవరకే చేయగలిగాం.

వెళ్ళదలచిన వారికి రెండు మాటలు. కారు లేకపోయినా విశాఖ నుంచి భీమిలికి ఆర్టీసీ బస్సులున్నాయి, సముద్రం వైపు కిటికీ చూసుకుని కూర్చోండి. శీతకాలమే మంచిది. తొట్లకొండ మీద నీడ తక్కువ, నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. భీమిలి దగ్గర సముద్రం శాంతంగా కనిపించినా నది కలిసే చోట దిగవద్దు. పిల్లలను తీసుకెళ్ళడం మంచిదే గాని, ఒక్కసారైనా వాళ్ళు లేకుండా వెళ్ళండి.

తిరిగి వచ్చేటప్పుడు భీమిలి దాటకముందే ఒక బెస్త తల్లి దగ్గర మావారు ఎండు నెత్తళ్ళు కొన్నారు. ఉప్పు కూడదు కదండీ అంటే, మనకు కాదు, తాళం చెవి పెట్టుకునే వారికి అన్నారు. పొట్లం సరిగా కట్టలేదు. కారులో ఆ వాసన నాలుగు రోజులు పోలేదు.